దేహంలో నిలిచిన గొట్టం: వైద్య పరికరాల వల్ల కలిగే ఇన్ఫెక్షన్ల నివారణ – జహనుమా నుండి ఒక పరిశీలన

1. ప్రవేశిక

హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ దాటి ఫలక్‌నుమా వైపు సాగే దారిలో జహనుమా ఉంది. పాయెగా నవాబుల భవనం పేరే ఆ ప్రాంతానికి స్థిరపడింది. పారసీకంలో ఆ మాటకు ‘లోకాన్ని చూపేది’ అని అర్థం. నేడు అక్కడ కనిపించేది ఇరుకు గల్లీలు, ఒకదానినొకటి ఆనుకొని లేచిన ఇళ్ళు, ఉర్దూ తెలుగు కలగలిసిన వ్యవహారం. ఇక్కడివారికి పెద్దాసుపత్రి అంటే చాలాకాలంగా అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రే. అక్కడి నుండో, మరో ఆసుపత్రి నుండో ఇంటికి తిరిగివచ్చే రోగి వెంట మందుల చీటీతోపాటు ఒక్కొక్కప్పుడు ఒక పరికరం కూడా వస్తుంది. మూత్రాశయంలో ఫోలీ క్యాథెటర్, ముంజేతికి ప్లాస్టర్‌తో అంటించిన కాన్యులా, మెడ దగ్గర డయాలిసిస్ క్యాథెటర్, ముక్కులో రైల్స్ ట్యూబ్ అటువంటివి.

వైద్య పరికరాల ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్లను నివారించడంపై గత అరవై ఏళ్ళలో విస్తారమైన పరిశోధన జరిగింది. అందులో అధికభాగం ఆసుపత్రులలో, ముఖ్యంగా ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో జరిగినదే. అక్కడ రోగికి ఒక నర్సు ఉంటుంది, చేతికందే దూరంలో శానిటైజర్ సీసా ఉంటుంది, లెక్క రాసే పుస్తకం ఉంటుంది. జహనుమాలోని రెండు గదుల ఇంట్లో ఇవేవీ ఉండవు. ఆ పరిశోధనా ఫలితాలలో ఏవి ఈ గల్లీ దాకా రాగలవు, ఏవి దారిలోనే ఆగిపోతాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

2. పరికరం మీద పేరుకొనే పాచి

మన చర్మం, మూత్రనాళం, శ్వాసనాళం తమను తాము కాపాడుకొనే ఏర్పాట్లు కలిగినవి. మూత్రం ధారగా పోతూ సూక్ష్మజీవులను కడిగివేస్తుంది. దగ్గు ఊపిరితిత్తులను శుభ్రపరుస్తుంది. చర్మం పై పొరలు రాలిపోతూ తమతోపాటు బాక్టీరియాను తీసుకుపోతాయి. గొట్టం దిగిన క్షణంలో ఈ ఏర్పాట్లన్నీ ఆ మేరకు రద్దవుతాయి. మూత్రం చుక్కచుక్కగా కారుతుంది, దగ్గు గొట్టాన్ని దాటి పనిచేయలేదు, చర్మంలో ఒక ద్వారం రాత్రింబగళ్ళు తెరచి ఉంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఆ గొట్టపు ఉపరితలం. చెరువుగట్టు రాళ్ళకు పాచి పట్టినట్టు, నీళ్ళకుండను కడగకుండా వదిలితే లోపల జిగురు చేరినట్టు, శరీరంలోని ప్లాస్టిక్ మీద కూడా ఒక పొర ఏర్పడుతుంది. మొదట శరీరంలోని ప్రోటీన్లు దానికి అంటుకొంటాయి. వాటిమీద బాక్టీరియా నిలదొక్కుకొంటుంది, తర్వాత తన చుట్టూ తానే ఒక జిగురు పదార్థాన్ని స్రవించుకొని అందులో కాపురం పెడుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని బయోఫిల్మ్ అంటారు. 17వ శతాబ్దంలోనే లేవెన్‌హుక్ తన పంటి పాచిలో చలించే జీవులను చూశాడు. అయితే ఇటువంటి పొరే బాక్టీరియాకు సహజమైన జీవనరీతి అన్న అవగాహన బలపడింది మాత్రం విలియం కోస్టర్టన్, ఆయన సహచరులు 1978 నుండి ప్రచురించిన రచనలతోనే.

ఈ పొర లోపలి బాక్టీరియా చాలావరకు మందకొడిగా బతుకుతుంది. పెరుగుతున్న కణాలను దెబ్బతీసే యాంటిబయాటిక్ నిద్రావస్థలో ఉన్న కణాలను పెద్దగా ఏమీ చేయలేదు. రక్తంలో తేలే బాక్టీరియాను చంపే మోతాదు ఈ పొరలోని బాక్టీరియాకు చాలదు. మందు వాడినన్నాళ్ళు జ్వరం తగ్గడం, ఆపగానే తిరిగి రావడం అనే అనుభవం వెనుక ఉన్న కారణం ఇదే. పరికరాన్ని తీసివేయకుండా మందులు మార్చుకుంటూ పోతే మిగిలేది మందులకు లొంగని క్రిమి. అందువల్ల ఈ రంగంలో చికిత్స కన్నా నివారణకు ఎక్కువ విలువ ఉంది. ఇది ఆదర్శం కోసం చెప్పే మాట కాదు, పాచి స్వభావం నుండి తేలే విషయం.

3. మూత్రపు గొట్టం కథ

రబ్బరు గొట్టం చివర గాలిబుడగ వంటి బెలూన్ అమర్చి, మూత్రాశయంలో అది జారిపోకుండా నిలిచేలా చేసినవాడు అమెరికన్ వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ. 1930ల నాటి ఆ రూపకల్పన నేటికీ మౌలికంగా మారలేదు. మొదటి దశాబ్దాలలో ఆ గొట్టం రెండవ చివర తెరచి ఉన్న సీసాలో వేలాడేది. అలా ఉంచితే దాదాపు ప్రతి రోగి మూత్రంలోను నాలుగు రోజులలో బాక్టీరియా చేరేది. 1966లో క్యూనిన్, మెక్‌కార్మాక్ అనే పరిశోధకులు గొట్టాన్ని, సంచిని ఎక్కడా తెరపిలేని ఒకే వ్యవస్థగా ఉంచితే ఈ గడువు బాగా పెరుగుతుందని చూపారు. నేడు మనం చూసే మూత తీయనవసరం లేని యూరిన్ బ్యాగ్ ఆ పరిశోధన సంతానమే. అయినా రోజు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది. ఒక్కొక్క రోజుకు సుమారు 3 నుండి 7 శాతం మందిలో కొత్తగా బాక్టీరియా చేరుతుంది. నెల దాటిన గొట్టంలో అది లేని రోగి అరుదు.

ఇక్కడ పరిశ్రమ ఒక మార్గం వెదకింది. గొట్టానికి వెండి పూత పూస్తే, లేదా మందు పూస్తే క్రిమి అంటుకోదు కదా అన్నది ఆ ఆలోచన. వెండికి క్రిములను చంపే గుణం ఉన్నమాట వాస్తవమే, ప్రయోగశాలలో ఫలితాలు కూడా ఆశాజనకంగానే కనిపించాయి. బ్రిటన్‌లో 24 ఆసుపత్రులలో 7,102 మంది రోగులపై జరిపి 2012లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరీక్షలో వెండి పూత గొట్టం సాధారణ గొట్టం కన్నా మేలని తేలలేదు. మందు పూసిన గొట్టం వల్ల కలిగిన కొద్ది తేడా కూడా ఆచరణలో లెక్కించదగినది కాదని పరిశోధకులు నిర్ణయించారు.

దీని పక్కన మరో ఫలితాన్ని ఉంచి చూడాలి. “ఈ రోగికి గొట్టం ఇంకా అవసరమా?” అని వైద్యునికి రోజూ గుర్తుచేసే ఏర్పాటు, లేదా ఫలానా రోజున దానంతటది రద్దయ్యే ఆదేశం ఉన్నచోట మూత్రనాళ ఇన్ఫెక్షన్లు సుమారు సగానికి తగ్గాయని 2010లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది. ఖరీదైన పూత చేయలేని పనిని ఒక కాగితం ముక్క చేసింది. అమ్మదగిన వస్తువేదీ లేకపోవడం వల్ల కాబోలు, ఈ రెండవ ఫలితానికి తగినంత ప్రచారం దక్కలేదు.

అయితే ఇదీ అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. అమెరికాలో 603 ఆసుపత్రులలో సాగి 2016లో ప్రచురితమైన ఒక కార్యక్రమంలో సాధారణ వార్డులలో ఈ ఇన్ఫెక్షన్లు 32 శాతం తగ్గాయి, ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో మాత్రం మార్పు కనిపించలేదు. స్పృహలేని రోగికి గంటగంటకూ మూత్రం కొలవాలి గనుక అక్కడ గొట్టం తీయడానికి అవకాశం తక్కువ. నివారణకు ఎక్కువ అవకాశం ఉన్నది తక్కువ జబ్బుపడినవారిలోనే అన్నమాట. ఇంటికి పంపదగినంత కోలుకున్న రోగి ఆ కోవలోనివాడే.

4. లెక్కించడం

సెంట్రల్ లైన్ అంటే మెడ, ఛాతీ లేదా తొడ దగ్గర నుండి గుండె సమీపంలోని పెద్ద సిరలోకి పంపే గొట్టం. దానిద్వారా వచ్చే రక్త ఇన్ఫెక్షన్ ప్రాణాంతకం. 2006లో పీటర్ ప్రొనొవోస్ట్ బృందం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 103 ఇంటెన్సివ్ కేర్ యూనిట్ల అనుభవాన్ని ప్రచురించింది. వారు పాటించినవి ఐదే పనులు. చేతులు కడుక్కోవడం, రోగిని నిలువెల్లా శుభ్రమైన వస్త్రంతో కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ సిరను వదిలివేయడం, అవసరం తీరగానే గొట్టం తీసివేయడం. వేయి లైన్ రోజులకు సగటున 7.7గా ఉన్న ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు దిగాయి.

ఈ ఐదింటిలో కొత్తది ఒక్కటీ లేదు. చేతులు కడుక్కోవాలని 1847లోనే సెమ్మెల్‌వైస్ వియన్నాలో నిరూపించాడు. అక్కడ కొత్తగా వచ్చింది ఆరవ అంశం: వరుస తప్పిన వైద్యుణ్ణి ఆపే అధికారం నర్సుకు ఇవ్వడం. మన ఆసుపత్రులలో “సార్, చేతులు కడుక్కోలేదు” అని ఒక స్టాఫ్ నర్సు ప్రొఫెసర్‌తో అనగలగడం ఎంత కష్టమో అక్కడ పనిచేసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మిషిగన్ జాబితాను అచ్చువేసి గోడకు అంటించడం తేలిక. ఆ అధికారాన్ని గోడకు అంటించలేము.

భారతదేశంలో ఈ లెక్కలు వేసే అలవాటు ఆలస్యంగా వచ్చింది. ఏడు నగరాల ఇంటెన్సివ్ కేర్ యూనిట్లను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో వేయి లైన్ రోజులకు 7.92 రక్త ఇన్ఫెక్షన్లు, వేయి వెంటిలేటర్ రోజులకు 10.46 న్యుమోనియాలు నమోదయ్యాయి. తర్వాత దేశవ్యాప్త పర్యవేక్షణ వ్యవస్థ ఒకటి ఏర్పడింది. 2017 నుండి 2024 వరకు 54 ఆసుపత్రులలోని 200 యూనిట్ల నుండి అది సేకరించిన వివరాల ప్రకారం సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్ల రేటు వేయి రోజులకు 8.83. నిర్వచనాలు, ప్రయోగశాల పద్ధతులు ఒకటి కావు గనుక ఈ అంకెలను మిషిగన్ అంకెలతో నేరుగా పోల్చరాదు. అయినా వారు ఎక్కడ మొదలుపెట్టారో దాదాపు అక్కడే మనం ఉన్నామన్న సంగతి గమనించదగినది. పైగా లెక్కలు పంపిన ఆసుపత్రులు లెక్కవేయగల శక్తి ఉన్నవి. అది లేనివి ఈ పట్టికలో చేరలేదు.

రోగి భద్రతపై ప్రయోగాలు, లెక్కలు హైదరాబాదుకు కొత్తవి కావు. 1888, 1889 సంవత్సరాలలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ వ్యయంతో ఈ నగరంలో జరిగిన క్లోరోఫాం కమిషన్లు ప్రపంచ వైద్యలోకం దృష్టిని ఆకర్షించాయి. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదన్న వారి నిర్ణయం తర్వాతి పరిశోధనలో నిలవలేదన్నది వేరే విషయం.

ఇప్పటి ఉస్మానియా భవనం విన్సెంట్ ఎష్ రూపకల్పన. మూసీ ఒడ్డున ఉన్న ఆ భవనంలోని వార్డులలోకి 2020 జూలైలో వర్షపు నీరు, మురుగునీరు చేరాయి. ఆ నెలలోనే పాత భవనాన్ని ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. మంచానికీ మంచానికీ మధ్య దూరం, చేతులు కడిగే కుళాయిల సంఖ్య, మురుగు పోయే దారి అనేవి క్యాథెటర్ ఇన్ఫెక్షన్‌కు సంబంధంలేని సివిల్ పనులుగా కనిపిస్తాయి. నిజానికి నివారణ అక్కడినుండే మొదలవుతుంది.

5. ఇబ్రహీంపట్నం

పరికరం అంటే శరీరంలో నిలిచి ఉండేదే కానక్కరలేదు. ఒకరి నుండి ఒకరికి మారే పరికరం కూడా ఇన్ఫెక్షన్‌కు వాహకమవుతుంది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది మహిళలకు డబుల్ పంక్చర్ లాపరోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజులలో వారిలో నలుగురు మరణించారు. మిగిలినవారిని హైదరాబాదుకు తరలించి నిమ్స్, అపోలో ఆసుపత్రులలో చికిత్స చేశారు. ఇన్ఫెక్షన్ నియంత్రణలో లోపాలు జరిగాయని ప్రభుత్వ విచారణ తేల్చి, పలువురు సిబ్బందిపై చర్యలకు దారితీసింది. చనిపోయినవారు జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవారు కారు. ఆరోగ్యంగా నడిచివచ్చిన యువతులు, చిన్నపిల్లల తల్లులు.

ఈ ఘటన అర్థం కావాలంటే పరికరాల శుద్ధికి సంబంధించిన ఒక మూలసూత్రం తెలియాలి. 1968లో ఎర్ల్ స్పాల్డింగ్ వైద్య పరికరాలను మూడు తరగతులు చేశాడు. రక్తంలోకి, లేదా క్రిములు ఉండకూడని శరీరభాగంలోకి వెళ్ళేవి పూర్తిగా క్రిమిరహితం కావాలి. నోరు, శ్వాసనాళం వంటి తడి పొరలను తాకేవాటికి ఉన్నతస్థాయి క్రిమినాశనం కావాలి. చర్మాన్ని మాత్రమే తాకే స్టెతస్కోప్ వంటివాటికి మామూలు శుభ్రత చాలును. పొత్తికడుపులోకి దూరే లాపరోస్కోప్ మొదటి తరగతికి చెందినది. అయితే అనేక పాత లాపరోస్కోపుల కటకాలు ఆటోక్లేవ్‌లోని 121 డిగ్రీల ఆవిరికి తట్టుకోవు. అందువల్ల 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో నానబెట్టే పద్ధతి వాడుకలోకి వచ్చింది. పూర్తిగా క్రిమిరహితం కావడానికి అందులో 8 నుండి 10 గంటలు ఉంచాలి. ఉన్నతస్థాయి క్రిమినాశనానికి 20 నిమిషాలు చాలును. శిబిరాలలో ఆచరణయోగ్యమైనది ఈ రెండవదే. అంటే సూత్రం ఒకటి, రాజీ మరొకటి. ఆ రాజీని కూడా పూర్తిగా పాటించడానికి వ్యవధి కావాలి.

ముందు రక్తం, కణజాలం పోయేలా కడగాలి, ఎందుకంటే మురికి మిగిలితే ద్రావణం లోపలికి చేరదు. తర్వాత 20 నిమిషాలు నానాలి, ఆపైన క్రిమిరహిత జలంతో తొలచాలి. మొత్తం అరగంట. ఒకే లాపరోస్కోప్ ఉన్నదనుకుంటే, ఆపరేషన్‌కు పట్టే కాలాన్ని లెక్కించకపోయినా, ఎనిమిది గంటల పనిదినంలో 16 మందికి మించి చేయడం కుదరదు. ఒక బృందం, మూడు లాపరోస్కోపులు ఉంటే రోజుకు 30 అన్న కేంద్ర మార్గదర్శకాలలోని పరిమితి ఈ గణితం నుండే పుట్టింది. 34 అన్న సంఖ్యను ఈ లెక్క పక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. లక్ష్యాల ఒత్తిడి ఉన్నచోట మొదట కుంచించుకుపోయేది ఆ నానబెట్టే ఇరవై నిమిషాలే. వాటిని ఎవరూ చూడరు, తగ్గించిన గుర్తు పరికరం మీద కనబడదు.

దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఇటువంటి సామూహిక శిబిరాలను మూడేళ్ళలో ఆపాలని ఆదేశించింది. ఆ గడువు 2019లో ముగిసింది. ఇబ్రహీంపట్నం శిబిరం జరిగింది 2022లో.

6. గల్లీలో పరిశోధన

తిరిగి జహనుమాకు వస్తే, ఇక్కడ నిత్యం కనిపించే పరికరం కాన్యులా. జ్వరమో విరేచనాలో వచ్చినవారికి వీధి క్లినిక్‌లో సెలైన్ పెట్టి, మర్నాడు, ఆ మర్నాడు ఇంజెక్షన్ ఇవ్వడానికి వీలుగా కాన్యులాను చేతికే వదిలి ఇంటికి పంపడం మన నగరాలలో అలవాటు. 3,283 మంది రోగులపై జరిపి 2012లో ప్రచురించిన ఆస్ట్రేలియా అధ్యయనం, మూడు నాలుగు రోజులకొకసారి కాన్యులాను విధిగా మార్చనక్కరలేదని, వాపో నొప్పో వచ్చినప్పుడు మారిస్తే చాలునని తేల్చింది. రెండు విధాలలోను సిర వాచినవారు 7 శాతమే. ఈ ఫలితాన్ని గల్లీకి యథాతథంగా తేవడం పొరపాటు. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నారు, కాన్యులా చోటును నర్సు చూస్తూ ఉంది. ఇంట్లో ప్లాస్టర్ కింద ఎర్రబడిందో లేదో చూసేవారు లేరు. చూసేవారు లేనిచోట పాత గడువును పాటించడమే క్షేమం. అంతకన్నా క్షేమం, నోటిమాత్ర సరిపోయే జబ్బుకు కాన్యులా పెట్టకపోవడం.

నీటి సంగతి కూడా ఉంది. నమాజుకు ముందు వుజూ చేసేటప్పుడు ముంజేతులను కడుగుతారు. రోజుకు ఐదుసార్లు తడిసిన ప్లాస్టర్ కింద క్రిములకు మంచి ఆశ్రయం దొరుకుతుంది. గాయపు కట్టు ఉన్నచోట కడగకుండా తడిచేత్తో పైపైన తుడవడానికి ఇస్లామీయ ధర్మశాస్త్రంలో వెసులుబాటు ఉంది. తడవని ప్లాస్టిక్ తొడుగు వేసి, ఈ వెసులుబాటును కూడా గుర్తుచేస్తే సమస్య తీరుతుంది. ఆ మాట నర్సు చెప్పడం కన్నా మసీదులో ఇమాం సాహెబ్ చెబితే ఎక్కువమందికి చేరుతుంది.

యూరిన్ బ్యాగ్ విషయంలో ప్రధాన సూత్రం ఒక్కటే: సంచి మూత్రాశయం కన్నా కిందికి ఉండాలి, నేలను తాకరాదు. ఆటోలో కూర్చున్నప్పుడు దానిని ఒడిలో పెట్టుకుంటారు. నలుగురిలో సిగ్గుపడి కొంగు కిందికో బురఖా లోపలికో ఎత్తి పట్టుకుంటారు. ఇరుకు మెట్లు ఎక్కించేటప్పుడు తోడువచ్చినవారు భుజాన వేసుకుంటారు. ప్రతిసారీ సంచిలోని పాత మూత్రం వెనక్కి పోయే అవకాశం కలుగుతుంది. సిగ్గును అజ్ఞానంగా కొట్టివేయడం సరికాదు. కాలికి కట్టుకొనే చిన్న సంచి బట్టల కింద కనబడదు. దానిని సూచించడం మందలింపు కన్నా ఉపయోగం.

గొట్టాన్ని, సంచిని కలిపే చోట విడదీయరాదు. అడుగున ఉన్న కుళాయి ద్వారానే ఖాళీ చేయాలి, ముందూ వెనుకా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గొట్టం చుట్టూ రోజూ మామూలు స్నానపు శుభ్రత చాలు, ఘాటైన యాంటిసెప్టిక్‌లు అక్కరలేదు. మూత్రం మసకగా ఉన్నంతమాత్రాన, జ్వరం, చలి, కడుపునొప్పి లేనప్పుడు యాంటిబయాటిక్ వేసుకోరాదు. నెల దాటిన గొట్టంలో బాక్టీరియా ఎటూ ఉంటుంది, మందు దానిని ఏరివేయదు, రాటుదేలుస్తుంది. గొట్టం తరచూ మూసుకుపోతుంటే దానికి వేరే కారణం ఉండవచ్చు. ప్రోటియస్ అనే బాక్టీరియా మూత్రంలోని యూరియాను విడగొట్టి క్షారగుణాన్ని పెంచుతుంది, అప్పుడు లవణాలు సున్నంలా గొట్టం లోపల గడ్డకడతాయి. అటువంటప్పుడు సిరంజితో నీళ్ళు కొట్టి తెరవడం కన్నా గొట్టాన్ని మార్చడమే సరైన పని.

డయాలిసిస్ రోగుల పరిస్థితి వేరు. తెలంగాణ ప్రభుత్వ కేంద్రాలలో ఒకసారి వాడి పారవేసే డయలైజర్‌లను ప్రవేశపెట్టడం వల్ల ఒకరి రక్తం మరొకరికి సోకే ప్రమాదం తగ్గింది. మెడలోని క్యాథెటర్ మాత్రం మిగిలింది. ముంజేతిలో ధమనిని సిరతో కలిపే ఫిస్టులా ఉన్నవారిలో ఇన్ఫెక్షన్లు క్యాథెటర్ ఉన్నవారి కన్నా బాగా తక్కువ. అయితే ఫిస్టులా పక్వం కావడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. మూత్రపిండాలు పూర్తిగా చెడ్డాకనే ఆసుపత్రికి చేరేవారికి ఆ వ్యవధి ఉండదు. ఇక్కడ నివారణ అంటే మధుమేహం, రక్తపోటు ఉన్నవారిని బస్తీ దవాఖానాలోనే ముందుగా గుర్తించి, సకాలంలో ఫిస్టులా చేయించడం. 2018లో మొదలైన ఈ దవాఖానాలకు ఇది అందుబాటులో ఉన్న పనే.

ఆ దవాఖానాలు చేయగల పని ఇంకొకటి ఉంది. ఫోలీ క్యాథెటర్‌ను తీయడానికి ఒక సిరంజితో బెలూన్‌లోని నీటిని లాగితే చాలును. శిక్షణ పొందిన నర్సు నిమిషాలలో చేయగల పని అది. అయినా రోగులు వారాల తరబడి గొట్టంతోనే ఉండిపోవడానికి కారణం, దానిని ఎప్పుడు తీయాలో, ఎక్కడ తీస్తారో వారి చేతిలోని డిశ్చార్జి కాగితంలో లేకపోవడం. ఉన్నా అది ఆంగ్లంలో, వైద్యుని సంక్షిప్తాక్షరాలలో ఉంటుంది. 2017 నుండి ఉర్దూ తెలంగాణ అంతటా రెండవ అధికార భాష. ఆసుపత్రి కాగితం మీద మాత్రం తెలుగుకు కూడా చోటు తక్కువే. ఆ కాగితం మీద తెలుగులోను, ఉర్దూలోను నాలుగు గడులు చేరిస్తే చాలు: ఏ పరికరం పెట్టారు, ఎందుకు పెట్టారు, ఏ తేదీన పెట్టారు, ఏ తేదీన ఎక్కడికి వెళ్ళి తీయించుకోవాలి. మొదటి మూడింటిని వార్డులోని నర్సు నింపగలదు. నాలుగవ దానిని నింపవలసింది గొట్టం పెట్టమని ఆదేశించిన వైద్యుడు, అదీ రోగి మంచం దిగకముందే.